సీరియళ్ళలో వెనక కనిపించే కార్లు: ఏవి ఎక్కిద్దాం, ఏవి వదిలేద్దాం?

వడపళని వీక్షకుడు
శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. సీరియళ్ళలో కనిపించే కార్ల జాబితా చేస్తున్నాం కదా, దానికోసం మనం నలుగురం పంచుకున్న ఆ కుటుంబ సీరియల్లో 12 ఎపిసోడ్లు పూర్తిచేశాను. తొంభైల చివర్లో ఇక్కడే చెన్నైలో తీసినది. పాత్రలు ఎక్కి దిగే బండ్లు ఇప్పటిదాకా ఆరే, వాటితో ఏ పేచీ లేదు. పేచీ అంతా వెనక ఉన్నవాటితోనే. 9వ ఎపిసోడ్లో పెద్దకోడలు పాండీబజారులో రోడ్డు దాటే సీను నిమిషంన్నర ఉంటుంది. ఆపి ఆపి లెక్కపెడితే కార్లే 31. ఆటోలు, బస్సులు, స్కూటర్లు అందులో లేవు. ఆ ఒక్క సీనుకు నాకు రెండు రాత్రులు పట్టాయి. ఇంకా తొంభై ఎపిసోడ్లున్నాయి.

సినిమాల్లో కనిపించే కార్లను నమోదుచేసే వెబ్‌సైటు ఇంటర్నెట్ మూవీ కార్స్ డేటాబేస్ వాళ్ళది నక్షత్రాల పద్ధతి. ఊరికే వెనక కనబడ్డ బండికి ఒక నక్షత్రం, కథలో భాగమైపోయిన బండికి ఐదు. బాగుంది. కానీ ఆ నక్షత్రం బండి ఎక్కాక దాని స్థాయి చెబుతుంది. మనకు తేలాల్సింది అంతకన్నా ముందు సంగతి, అసలు ఎక్కించాలా వద్దా అన్నది.

నాకు తోచింది చెబుతాను. కనీసం రెండు సెకన్లు కనబడాలి, ఏ మోడలో తెలియాలి. ఈ రెండూ లేకపోతే వదిలేద్దాం. మీరేమంటారు?

నెల్లూరు కుర్రాడు
శుక్రవారం, రాత్రి 10:40

అన్నా, అన్నీ ఎక్కించేద్దాం. పట్టికలో ఒక వరస ఎక్కువైతే పోయేదేముంది?

అడయారు అభిమాని
శుక్రవారం, రాత్రి 11:05

పోయేది ఉంది తమ్ముడూ. ఎవరైనా మన జాబితా తెరిచి, ఆ సీరియల్లో తండ్రి నడిపిన కారేదని వెతుక్కుంటే, ముందు నలభై తెల్ల అంబాసిడర్లు దాటాలి. జాబితా చేయడమంటే ఏరడం. కథలో బండికి పనుంటే ఎక్కించండి, లేకపోతే వద్దు. నేను ఆరేళ్ళుగా ఇదే పద్ధతిలో చేస్తున్నాను, నా జాబితాలో తప్పులు తక్కువ.

పుదుపేట పానా
శనివారం, ఉదయం 7:30

అడయారు సార్‌తో నేను ఒప్పుకోలేను. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

నేను పుదుపేటలో పాత బండ్ల సామాన్ల కొట్టు నడుపుతాను. మా నాన్న మొదలుపెట్టినది. ఇప్పుడు ఒకాయన స్టాండర్డ్ గజెల్ బాగుచేయించుకుంటున్నాడు. మన వండలూరు ఫ్యాక్టరీలో 1972 నుంచి 1977 దాకా తయారైన బండి. ఇంజన్ సంగతి మాకు తెలుసు, అదే 948 సీసీ. కష్టమల్లా పైపై వాటితో. చక్రం మూత ఏది, డోరు పక్కన పట్టీ ఎంత వెడల్పు, అద్దం ఎక్కడ బిగించారు. కంపెనీ కాగితాలు దొరకవు. సినిమాల్లో చూద్దామంటే ముందుకొచ్చే బండికి రంగు కొత్తది, మూతలు కొత్తవి, మెరిసేలా పాలిష్ పట్టి నిలబెడతారు. ముందున్న కారు వేషం కట్టుకొస్తుంది, వెనకున్న కారు ఇంటి బట్టల్లో ఉంటుంది. నాకు కావలసింది ఆ ఇంటి బట్టలే.

పైన లగేజి క్యారియర్, వెనక అద్దానికి మడతల కర్టెన్, సీటు మీద తువ్వాలు, ముందు అద్దం మీద ఎండ కోసం బిగించిన రేకు. ఇవన్నీ ఒకప్పుడు మద్రాసులో బండి కొన్నవాడు మొదటి నెలలోనే జనరల్ ప్యాటర్స్ రోడ్డుకెళ్ళి వేయించుకున్నవి. వీటిని ఎవరూ ఫొటో తీయలేదు. వెనక నిలబడ్డ కార్ల మీదే మిగిలాయి. అవి వదిలేస్తే ఇంకెక్కడ వెతకమంటారు?

ఎడిటింగ్ టేబుల్
శనివారం, ఉదయం 9:15

నేను ఈ పని తెలిసినవాడిగా రెండు మాటలు చెబుతా. రెండు సెకన్ల నియమం తీసేయండి. ఆ కాలపు వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు సగాలు గీత విడిచి గీతగా అల్లి ఉంటాయి, ఒకటి తీసిన క్షణానికీ రెండోది తీసిన క్షణానికీ సెకనులో యాభయ్యో వంతు తేడా. బండి కదులుతుంటే ఆ తేడాలో అది కాస్త జరుగుతుంది, అందుకే అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. అలాంటిది పది సెకన్లు కనిపించినా బండి ముందు జాలీ, అంటే గ్రిల్, తెలియదు. నిలబడ్డ బండి అర సెకను కనిపించినా రెండు సగాలూ కలిసిపోయి బొమ్మ నిండుగా వస్తుంది. కాబట్టి ఎంతసేపు కనబడిందని కాదు, ఒక్క ఫ్రేమైనా తేటగా దొరికిందా అని చూడాలి.

ఇంకో సంగతి. యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళు చదరానికి దగ్గరగా ఉండే పాత బొమ్మను ఇప్పటి వెడల్పు తెరకు సాగదీస్తారు. అంబాసిడర్ కోడిగుడ్డులా అవుతుంది, మారుతి 800 వెడల్పెక్కి మారుతి జెన్‌లా కనిపిస్తుంది. నేను ముందు చక్రం చూస్తాను. చక్రం గుండ్రంగా వచ్చేదాకా బొమ్మను నొక్కి, తరవాతే కారును గుర్తుపడతాను. కాపీరైటుకు పట్టుబడకుండా ఉండడానికి కొందరు బొమ్మను కుడిఎడమలు తిప్పేసి పెడతారు. స్టీరింగ్ ఎడమన కనిపిస్తే విదేశీ కారని సంబరపడకండి, బస్సు మీద అక్షరాలు తిరగబడ్డాయేమో చూసుకోండి. గత నెల మన జాబితాలో అలాంటి పొరపాటు ఒకటి దొర్లింది, నేనే దిద్దాను.

నెల్లూరు కుర్రాడు
శనివారం, ఉదయం 9:50

సార్, ఫొటో ఇస్తే కారు పేరు చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా. నిన్న రాత్రి పాండీబజారు సీనులోవి ఇరవై ఫ్రేములిచ్చి చూశాను. అంబాసిడర్‌ను మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అంది, కాంటెస్సాను వాక్సాల్ విక్టర్ అంది. స్టాండర్డ్ 2000ను రోవర్ అనేసింది.

ఎడిటింగ్ టేబుల్
శనివారం, ఉదయం 10:02

దాని తప్పు కాదు. మూడింటికీ తల్లివేళ్ళు అవే. కానీ పాండీబజారులో తిరిగింది బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన బండి, వండలూరులో తయారైన బండి. ఆ తేడా మనిషే రాయాలి.

సాలిగ్రామం పాతకాపు
శనివారం, మధ్యాహ్నం 2:20

పిల్లలూ, మీ చర్చ చదివి ఆగలేక రాస్తున్నాను. 1988 నుంచి ఇరవై ఏళ్ళు సాలిగ్రామం, వలసరవాక్కం షూటింగ్ ఇళ్ళలో ప్రొడక్షన్ అసిస్టెంటుగా పనిచేశాను. మీరు వెనకున్న కారు అంటున్నదంతా ఒక్క జాతి కాదు.

రోడ్డు మీద కదిలే కారు ఊరిది. దానికీ మాకూ సంబంధం లేదు. ఇంటి ముందు, ఆసుపత్రి వరండా పక్కన, గుడి మలుపులో నిలబడ్డ కారు మాత్రం నూటికి తొంభై మాదే. ఎందుకంటే, ఒక ఇంటి ముందు మాటల సీను తీయడానికి పొద్దున మొదలుపెడితే సాయంత్రమవుతుంది. వెనక పక్కింటాయన కారుంటే ఆయన పదకొండింటికి ఆఫీసుకు తీసుకుపోతాడు. ముందు తీసిన ముక్కలో కారుండి, తరవాత తీసిన ముక్కలో లేకపోతే ఎడిటింగులో ఏడుపే. అందుకని ఆయన్ను బతిమాలి బండి పక్క వీధిలో పెట్టించి, అక్కడ కంపెనీ బండి నిలబెట్టేవాళ్ళం. కొన్నిసార్లు కారు పెట్టేది ఏదో దాచడానికి. జనరేటర్ వ్యాను నుంచి వచ్చే కేబుళ్ళు, రిఫ్లెక్టర్ కాళ్ళు, గోడ మీద పక్క చానల్ పోస్టరు. ఫ్రేములో కారు అడ్డదిడ్డంగా, ఎవరూ నిలపని కోణంలో కనిపిస్తే దాని వెనక ఏదో ఉందని అర్థం.

ఇంకొకటి. కార్లు అద్దెకిచ్చేవాళ్ళు నాలుగైదుగురే. అవే బండ్లు ఈ సీరియల్లో లాయరువి, ఆ సీరియల్లో డాక్టరువి. ఒక క్రీము రంగు కాంటెస్సా ఉండేది, ఎడమ వెనక డోరు కింద అరచేయంత సొట్ట. సీనులో పనిలేని రోజు దాన్నే వెనక నిలబెట్టేవాళ్ళం. ఆ డ్రైవరు ఎండలో బండి తుడుస్తూ కూర్చునేవాడు, ఫ్రేములో దుమ్ము పట్టిన బండి ఉండకూడదని అతని పంతం. ఆ సొట్ట మీకు ఎక్కడైనా కనబడితే రాయండి, నేను చూడాలనుకుంటున్నాను.

వడపళని వీక్షకుడు
శనివారం, మధ్యాహ్నం 3:10

పెద్దాయనా, మీరు రాసింది చదివాక 4వ ఎపిసోడ్ మళ్ళీ తీశాను. నర్సింగ్ హోమ్ ముందు క్రీము కాంటెస్సా ఉంది. సొట్ట ఉంది. "ముఖ్యం కాదు" అని నేనే కొట్టేశాను. ఇప్పుడు 7లోనూ 11లోనూ కూడా దొరికింది.

సాలిగ్రామం పాతకాపు
శనివారం, మధ్యాహ్నం 3:25

అదే. ఫ్రేము పంపు నాయనా.

మైలాపూరు గోదారమ్మాయి
శనివారం, సాయంత్రం 5:45

ఈ సీరియల్ మా ఇంట్లో రోజూ చూసేవాళ్ళం. మాది రాజమండ్రి. కథా రాజమండ్రిలోనే. కానీ అమ్మ చూస్తూ చూస్తూ "ఇది మన ఊరు కాదే, ఆ రోడ్డు చూడు, ఆ కొబ్బరిచెట్లు చూడు" అనేది. పెళ్ళై మైలాపూరు వచ్చాక, పాత ఎపిసోడ్లు మళ్ళీ చూస్తే తెలిసింది. పెదనాన్నగారి ఇంటి ముందు నిలబడ్డ మారుతికి టి.ఎన్. 10. అప్పట్లో మా తూర్పు గోదావరి బండయితే ఎ.పి. 5 ఉండాలి. టి.ఎన్. 10 అంటే ఈ వలసరవాక్కం వైపే. గోదారి గట్టు మీద మాట్లాడుకుంటున్నామని వాళ్ళు చెబుతున్న సీనులో కూడా వెనక వెళ్ళే ఫియట్‌కు టి.ఎన్. 09, అంటే కె.కె. నగర్. సీరియల్ ఎక్కడ తీశారో టైటిల్స్‌లో ఎక్కడా లేదు. ఆ కార్లే చెప్పాయి. అలాంటివి తప్పకుండా ఎక్కించాలని నా మాట.

కానీ ఒక్క వినతి. నంబరు మొత్తం రాయకండి. రాష్ట్రం, రవాణా ఆఫీసు అంకె చాలు. మా మామగారి పాత కారు ఏదో షూటింగులో వెనక పడింది. ఎవరో నంబరంతా నెట్‌లో పెట్టారు. ఇంటికి ఫోన్లు, కారు అమ్ముతారా అని మనుషులు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు, చాలా ఇబ్బంది పడ్డారు.

వడపళని వీక్షకుడు
శనివారం, సాయంత్రం 6:00

మీ మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటున్నానమ్మా. ఇప్పటిదాకా రాసిన నంబర్లలో చివరి అంకెలు ఈ రాత్రికే తీసేస్తాను. ఫ్రేముల్లో కూడా మసక పెడతాను.

అడయారు అభిమాని
శనివారం, రాత్రి 8:30

గోదారమ్మాయి గారు చెప్పినది నాకు నచ్చింది. అయితే నంబరును బట్టి కాలం లెక్కకట్టేవాళ్ళకు ఒక హెచ్చరిక. కొత్త మోటారు వాహనాల చట్టం 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఈ రెండక్షరాలు, రెండంకెల పద్ధతి ఆ తరవాతదే. అంతకుముందు మూడు అక్షరాలు, నాలుగు అంకెలు. ఆ పాత నంబరుతో బండ్లు ఆ తరవాత కూడా ఎన్నో ఏళ్ళు తిరిగాయి. మూడక్షరాల ప్లేటు కనబడగానే సీను ఎనభైలలోదని రాయొద్దు. పాత బండి కాలాన్ని చెప్పదు.

మైలాపూరు గోదారమ్మాయి
శనివారం, రాత్రి 8:52

మరి కొత్త బండి?

అడయారు అభిమాని
శనివారం, రాత్రి 9:40

మీ ప్రశ్నకు జవాబు రాద్దామని కూర్చుని, నా పాత అభిప్రాయమే మార్చుకోవలసి వచ్చింది. అందుకే ఆలస్యం.

కొత్త బండి చెబుతుంది. శాంత్రో మన ఇరుంగాట్టుకోట్టైలో తయారై 1998 సెప్టెంబరులో బజారులోకి వచ్చింది. ఒక సీనులో వెనక శాంత్రో పోతే, ఆ సీను అంతకుముందు తీసింది కాదు. మరైమలై నగర్ ఫోర్డ్ ఐకాన్ వెళ్ళిందంటే 1999 చివరికన్నా ముందు కాదు. ఇరవై అంబాసిడర్లు, పదిహేను ఫియట్లు చెప్పలేనిది ఒక్క శాంత్రో చెబుతుంది. ఈ సీరియల్ మొదటి ఎపిసోడ్లు ఎప్పుడు తీశారో మనకు లెక్క లేదు. అందుకని ప్రతి వీధి సీనులో అన్నిటికన్నా కొత్త బండి ఏదో అది తప్పనిసరిగా ఎక్కాలి, కథలో దానికి పనున్నా లేకపోయినా.

మిగతా తెల్ల అంబాసిడర్ల విషయంలో మాత్రం నా మాట అదే. అన్నీ వద్దు.

పుదుపేట పానా
శనివారం, రాత్రి 10:15

అన్నీ వద్దు, సరే సార్. కానీ అంబాసిడర్ అంతా ఒకటి కాదు కదా. మార్క్ 2కు గళ్ళ గ్రిల్, మార్క్ 3కి అడ్డపట్టీల గ్రిల్. ఆ తరవాత మార్క్ 4, నోవా, ఇసుజు ఇంజన్‌ది. తొంభైల చివర్లో వీధిలో మార్క్ 2 ఇంకా నడుస్తోందంటే ఎవరో ఇరవై ఏళ్ళకు పైగా దాన్ని కాపాడుకుంటున్నారని. అది ఎక్కాలి.

ఇంకో భయం కూడా ఉంది నాకు. ఎక్కువ కనబడేదాన్ని వదిలేస్తాం. అప్పట్లో మారుతి 800 ఎక్కడ చూసినా ఉండేది, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు 1986కు ముందు వచ్చిన మొదటి రూపం మారుతికి ఒక హెడ్‌లైటు గాజు కావాలంటే నేను నాలుగు ఊళ్ళకు ఫోన్ చేయాలి. ఇవాళ ఇండికా వంక ఎవరు చూస్తున్నారు? తుక్కుకు వెళ్ళిపోతోంది, రోజుకొకటి నా కొట్టు ముందు నుంచే వెళ్తుంది. ఏ మోడల్ అయినా సరే, సీరియల్ మొత్తంలో దాని తేటైన ఫ్రేము ఒకటైనా దాచుకుందాం. ఒక్కటి చాలు, నలభై వద్దు.

ఎడిటింగ్ టేబుల్
ఆదివారం, ఉదయం 8:20

ఈ మాట బాగుంది. మోడల్‌కు ఒక మంచి ఫ్రేము, అంతకన్నా తేటది దొరికితే పాతది తీసి కొత్తది పెడదాం.

ఒక చిన్న సంగతి మరిచిపోయాం. ఎల్.ఐ.సి. భవనం ముందు మౌంట్ రోడ్డు షాట్ ఒకటి మూడు సీరియళ్ళలో చూశాను. అదే బస్సు, అదే తెల్ల ఫియట్, అదే సైకిలాయన. ఎప్పుడో ఎవరో తీసి ఉంచుకున్న ముక్కను అందరూ వాడుకున్నారు. అందులో కార్లను ఈ సీరియల్ కార్లని రాస్తే అడయారు సార్ లెక్క తప్పుతుంది. ఆ షాట్లను వేరే పట్టికలో పెడదాం. రాత్రి సీన్లు, హెడ్‌లైట్లు తప్ప ఏమీ కనబడనివి, అసలు ముట్టుకోవద్దు.

వడపళని వీక్షకుడు
ఆదివారం, ఉదయం 10:30

సరే. రెండు సెకన్ల మాట కొట్టేశాను. పాండీబజారు సీను మళ్ళీ మొదటి నుంచి చూశాను, 31లో ఏడు మిగిలాయి. వాటిలో కొత్తది శాంత్రో, నీలం రంగుది, ఒక కొట్టు ముందు మలుపు తిరుగుతుంది.

ఏడింటిలో ఒకటి నాకు తేలడం లేదు. 58వ సెకను. పూలబండి వెనక లేత నీలం రంగు స్టాండర్డ్ కంపెనీ కారు. నాలుగు తలుపులు. ముందు భాగం పూలబండి చాటున పోయింది, గ్రిల్ కనబడదు. హెరాల్డా, గజెలా?

పుదుపేట పానా
ఆదివారం, ఉదయం 11:05

నాలుగు తలుపులంటే మొదటి హెరాల్డ్ కాదు, అది రెండు తలుపులది. నాలుగు తలుపుల హెరాల్డ్ మన దేశంలోనే చేశారు, ఇంగ్లండులో లేదు. గజెల్ దాని తరవాతది. వెనక నుంచి కనబడుతోందా? బండి కదులుతోందా?

వడపళని వీక్షకుడు
ఆదివారం, ఉదయం 11:20

వెనక నుంచి, కాస్త పక్కగా. నెమ్మదిగా ముందుకు పోతుంది, ఒక గుంతలో దిగి లేస్తుంది.

పుదుపేట పానా
ఆదివారం, ఉదయం 11:40

ఆ గుంత మనకు దేవుడిచ్చినట్టే. వెనక చక్రాలు చూడండి. హెరాల్డ్‌కు స్వింగ్ యాక్సిల్, అంటే వెనక చక్రాలు రెండూ విడివిడిగా ఊగే ఇరుసు, అందుకని బండి వెనక భాగం లేచినప్పుడు చక్రాల అడుగు లోపలికి వాలుతుంది, కాళ్ళు దగ్గరకు పెట్టి నిలబడ్డ మనిషిలా అవుతుంది, దిగినప్పుడు అడుగు బయటికి వాలుతుంది. ఇక్కడ నడిపేవాళ్ళకూ మెకానిక్కులకూ అది నచ్చలేదని గజెల్‌కు రెండు చక్రాలనూ కలిపే గట్టి యాక్సిల్ వేశారు. దానికి చక్రాలు నిటారుగానే ఉంటాయి. ఇదొక్కటే పట్టుకుని పేరు రాయకండి, కానీ నాకు చాలావరకు తెలిసిపోతుంది.

ఎడిటింగ్ టేబుల్
ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఆ పది ఫ్రేములను రెండు సగాలుగా విడదీసి, ఇరవై బొమ్మలు చేశాను. సాగదీసింది కూడా సరిచేశాను, చక్రం గుండ్రంగా ఉంది. గుంతలో దిగినప్పుడూ లేచినప్పుడూ వెనక చక్రాలు నిటారుగానే ఉన్నాయి. పధ్నాలుగో బొమ్మలో చక్రం మూత బాగా తెలుస్తోంది, మధ్యలో వెలుగు పడింది.

పుదుపేట పానా
ఆదివారం, మధ్యాహ్నం 12:41

ఆ పధ్నాలుగో బొమ్మ తగ్గించకుండా అసలు సైజులో పంపండి సార్. డోరు పట్టీ కూడా కనబడితే ఇంకా మంచిది. ఆయన నాలుగింటికి గజెల్ తీసుకుని కొట్టుకు వస్తున్నాడు. బండి పక్కన పెట్టి చూసి, ఏమని ఎక్కించాలో సాయంత్రం రాస్తాను.